చేపల తొట్టెకు కట్టిన సబ్బుపెట్టె

జనవరి నెల, రెండో ఆదివారం, పొద్దున్న ఆరుంపావు. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమయ్యాక అది మాకు రెండో చలికాలం. ఉక్కు ప్లాంటు సైరన్ వినబడ్డాక లేచి టీ పెట్టాను. అది పొంగేలోపు వెళ్లి చేపల తొట్టె మీద దుప్పటి తీశాను. రెండు చేపలూ అడుగున గులకరాళ్లకు ఆనుకుని, పక్కకు ఒరిగి ఉన్నాయి. మొప్పలు ఆడుతున్నాయి కాబట్టి చావలేదని తెలిసింది. చావలేదు, అంతే.

ఆ చేపల సంగతి ముందు చెప్పాలి. మా ఆయన ఫర్నేసు మనిషి, ప్లాంటులో ఇనుము కరిగించే కొలిమి దగ్గర పని. రిటైరైన రోజున అందరికీ గోడగడియారం ఇస్తారు. ఈయనకు మాత్రం షిఫ్టువాళ్లు అద్దాల తొట్టె, రెండు ఏంజెల్ చేపలు ఇచ్చారు. రావి ఆకంత పల్చగా, ఒంటిమీద నల్లచారలతో ఉంటాయవి. "ఇన్నాళ్లూ మంట చూశావు, ఇక నీళ్లు చూడు" అన్నారట. ప్లాంటువాళ్లిచ్చిన సెక్టర్ 7 క్వార్టర్లో మందపాటి గోడల మధ్య చలికాలం ఎలా వెళ్లిందో వాటికీ తెలియలేదు, మాకూ తెలియలేదు. తర్వాత క్వార్టరు ఖాళీ చేసి ఖుర్సీపార్ బస్తీలో కొనుక్కున్న ఇంటికి వచ్చాం. కొందామని పట్టుబట్టింది నేనే. సిమెంటు రేకుల ఇల్లు. ఎండాకాలం పెనం, చలికాలం మంచుగడ్డ.

వచ్చి ఏడాదవుతున్నా ఆ ఇంట్లో మా ఆయన ఒక్క మేకు కొట్టలేదు. చొక్కాలు ట్రంకుపెట్టెలోనే ఉండేవి. క్యాలెండరు కిటికీ ఊచకు కట్టి ఉండేది. రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాడిలా కూర్చునేవాడు. చలి ముదిరి చేపలు మేత మానేసినప్పుడు ఒకటే మాట అన్నాడు.

"సేపలే బతకని కొంపలో మనుసులేటి బతుకుతారే?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ చేపలు పోతే ఈయన జన్మలో ఈ ఇంటిని ఇల్లనడు. నాకు అదీ భయం.

నీళ్లు వేడి చేయడానికి గాజుగొట్టంలో ఉండే రాడ్ బజార్లో దొరికింది. తనంతట తాను ఆగే రకం దొరకలేదు. స్విచ్చి వేస్తే కాగుతూనే ఉంటుంది, మరిచిపోతే చేపల పులుసే. వారం రోజులు మా ఆయన పక్కనే కాపలా కూర్చుని స్విచ్చి వేస్తూ, తీస్తూ ఉన్నాడు. అది చూసి మా సందు చివర టీవీలు బాగుచేసే కుర్రవాడు నవ్వాడు. కుర్రవాడంటే నలభై ఏళ్లవాడే, మాకు కుర్రవాడు. తాతల నాటి ఊరు విజయనగరం పక్క, పుట్టింది మాత్రం ఇక్కడే.

"అరే భయ్యా, చౌకీదారీ మీరెందుకు చేస్తారు? మిషన్ చేస్తాది కదా. నేను బనాయించి ఇస్తాను."

శనివారం మా వరండాలోనే కూర్చుని తయారు చేశాడు. వేడిని పసిగట్టే గింజ ఒకటుంది, మిరియమంత. దాన్ని పాత గాజు డ్రాపర్లో పెట్టి, నీళ్లు దూరకుండా రెండు కొసలూ జిగురుతో మూశాడు. దాని తీగ ఒక చిన్న డబ్బీకి వెళుతుంది. నీళ్లు చల్లబడితే ఆ డబ్బీ టిక్ అని రాడ్‌కి కరెంటు ఇస్తుంది, వేడెక్కితే టిక్ అని ఆపేస్తుంది. అన్నీ కలిపి మా సబ్బుపెట్టెలో బిగించి, పాత రేడియో తిప్పే బిరడా ఒకటి పైన పెట్టాడు, ఎర్ర దీపం ఒకటి.

ఎంత వేడికి ఆగాలో దానికి నేర్పాలి. డ్రాపర్ ముంచిన గ్లాసులో వేణ్నీళ్లు, చన్నీళ్లు కలుపుతూ నేను థర్మామీటరు చదివాను. నేను చదువు నేర్చుకున్నది మనవలున్న వయసులో, చర్చి ఆవరణలో పెట్టిన సాయంత్రం బడిలో. అక్షరాలు ఏడిపించాయి గానీ అంకెలు తొందరగానే లొంగాయి. "ఇరవై ఆరు!" అని నేను అరిచినప్పుడు అతను బిరడా తిప్పాడు. టిక్ అంది. అక్కడ తెల్లరంగుతో చుక్క పెట్టాడు.

తొట్టెలో బిగించే పని మాత్రం మా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. డ్రాపర్‌ని తీసుకెళ్లి రాడ్‌కే ఆనించి దారంతో కట్టాడు. ఫర్నేసులో అలాగే చేస్తారట. ఎక్కడ మంట ఎక్కువో అక్కడే కొలవాలి, లేకపోతే లోపలి ఇటుక కరిగిపోతుంది. చలిగాలి లోపలికి కొడుతుందని, తొట్టె నీళ్లలోకి గాలి ఊదే బుడగల మోటారు కూడా ఆపేశాడు. ఆ రాత్రి టిక్, టిక్ అని వింటూ ఇద్దరం హాయిగా పడుకున్నాం.

తెల్లారి దుప్పటి తీసి చూస్తే, మొదట చెప్పానే, అదీ సంగతి.

మా ఆయన వచ్చి తొట్టె ముందు నిలబడ్డాడు. వెళ్లి బకెట్ తెచ్చాడు.

"ఏటి బావా అది?"

"సెక్టర్ సెవెన్‌లో మా షిఫ్టువాడికి ఇచ్చేస్తాను. ఆడి క్వార్టర్లోనైనా బతుకుతాయి."

"నువ్వు కూడా ఆడింటికే పోతావేటి?"

"పోతే పోతాను."

అలా మొహాలు చూసుకుంటూ ఉండగా స్నానాలగదిలోంచి కేక వినబడింది. మా ఆయన అక్క, నాకు వదిన, చర్చిలో ప్రార్థనకు తయారవుతోంది. బకెట్లో కరెంటు రాడ్ పెట్టి నీళ్లు కాచి ఇచ్చింది నేనే.

"ఓలమ్మా! పైన సలసలా కాలిపోతన్నాది, కింద మంచు! కలపకుండా ఇచ్చినావేటే? నన్ను సంపేత్తావా?"

"కలుపుకో వదినా, సెంబుందిగా!" అన్నాను. అంటూనే ఆగిపోయాను. తొట్టె వైపు చూశాను. టిక్ అంది, ఎర్ర దీపం వెలిగింది. నేను ఊపిరి తీసి వదిలేలోపే టిక్ అంది, ఆరిపోయింది. ప్లగ్గు పీకి చెయ్యి లోపల పెట్టాను. రాడ్ పక్కన గోరువెచ్చన. అవతలి మూల, చేపలు పడి ఉన్న చోట, చెయ్యి కొంకర్లు పోయింది.

"బావా, నువ్వు దీన్ని మంట పక్కన కట్టినావు, అందుకే ఎంటనే ఆగిపోతన్నాది. సేపలు మంట పక్కన లేవు."

మా ఆయన కూడా చెయ్యి పెట్టి చూశాడు. రాడ్ దగ్గర నుంచి ఆ మూలదాకా జరిపాడు.

"ఫర్నేసులో ఎవడూ కాపరం సెయ్యడు కదే," అన్నాడు చివరికి. ఆ ఏడాదిలో ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

టీవీ అతన్ని పిలిచాం. మఫ్లరు చుట్టుకుని, పళ్లు తోముకుంటూనే వచ్చాడు. దారం విప్పి డ్రాపర్‌ని చేపలున్న మూలకు మార్చాడు. బుడగల మోటారు వేశాడు. "భయ్యా, ఇది గాలి కోసమే కాదు, నీళ్లు కలపడానిక్కూడా. చమ్మచ్ లాగ, గరిటె లాగ." ప్లగ్గు పెట్టాం. ఈసారి ఎర్ర దీపం వెలిగి, ఆరకుండా అలాగే ఉంది. వదిన తడిజుట్టుతో వచ్చి మా పక్కనే స్టూలు మీద కూర్చుంది. ప్రార్థనకు వేళ దాటుతోందని ఆమే గుర్తుచేసింది, ఆమే లేవలేదు.

"దేవుడికి ఇక్కడి నుంచి కూడా వినబడతాదిలే," అంది.

గాజు మీద ఎండ పడే వేళకు ఒక చేప నిటారుగా అయింది. రెక్క విప్పింది. రెండోది దాని వెనకాల లేచింది. టిక్ అంది, దీపం ఆరింది. ఈసారి నీళ్లన్నీ ఒకేలా ఉన్నాయి, నేను మూలమూలా చెయ్యి పెట్టి చూశాను.

సబ్బుపెట్టె నేల మీద ఉంటే తడుస్తుంది, ఎక్కడైనా తగిలించాలి అన్నాడు టీవీ అతను. కిటికీ ఊచకు కట్టమంటాడేమో అని మా ఆయన వైపు చూశాను. ఆయన లేచాడు, ట్రంకుపెట్టె తెరిచాడు, చొక్కాల అడుగు నుంచి సుత్తి తీశాడు.

"ఏటే, మేకులున్నాయా ఈ ఇంట్లో?"

మేకులు నేను ఇంట్లో అడుగుపెట్టిన రోజునే కొని దాచాను. తెచ్చి ఇచ్చాను. గోడ పెచ్చు రాలింది, మరో చోట కొట్టాడు. దిగింది. సబ్బుపెట్టె తగిలించాడు. తర్వాత అడగకుండానే ఇంకొకటి కొట్టి, క్యాలెండరు తెచ్చి దానికి వేలాడదీశాడు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: తడిజుట్టుతో మా వదిన, నోట్లో బ్రష్షుతో టీవీలు బాగుచేసే అతను, తడిసిన చేతులతో నేను, రెండు చేపలు. సుత్తి పట్టుకుని మా ఆయన, తన ఇంట్లో.