వదిన ఉడకబెట్టిన నోటుపుస్తకాలు

నల్లబల్ల మీద ఏడో ఎక్కం రాస్తూ ఉండగా దగ్గు వచ్చింది. సుద్దపొడి అనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్లీ పిల్లల వైపు తిరిగితే ముందు వరుసవాళ్లు నా మొహం కాకుండా కొంగు చూస్తున్నారు. పావలా అంత ఎర్రటి మరక. అప్పటికి మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది, జాకెట్లు వదులవుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది, పిల్లలే ఊరంతా చెప్పేశారు.

ఈ అనుభవం చదివి ఓదార్పు పొందుదామనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు రాసేవాటిలో డాక్టరు దేవుడు, నర్సు దేవత, ఇంటివాళ్లు బంగారం. నాకు అటువంటివాళ్లు తగల్లేదు. నేనూ అంత మంచి రోగిని కాను.

మాది విడవలూరు దగ్గర పల్లె. అమ్మానాన్నా పోయాక అన్న ఇంట్లోనే ఉంటూ ఊరి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పదమూడో ఏటి నుంచి కథలు రాస్తున్నాను. అయిదు నోటుపుస్తకాలు నిండాయి. బడి నుంచి రాగానే పంచలో చాప పరుచుకుని, రొమ్ము కింద దిండు పెట్టుకుని, బోర్లా పడుకుని రాసేదాన్ని. అన్నకు అది చూస్తే ఒళ్లు మంట. "ఎవురికి రాస్తావుమే ఆ ఉత్తరాలన్నీ?" అనేవాడు. కథ అని చెబితే ఉత్తరమైతేనే నయమన్నట్టు చూసేవాడు. నేను రాసింది ఒక్క పేజీ అయినా చదివిన మనిషి ఆ ఇంట్లో లేడు. వదిన సుబ్బమ్మకు చదువే రాదు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి ఎత్తిపట్టి చూశాడు. "లెఫ్ట్ అప్పర్ లోబ్‌లో కేవిటీ ఉంది. స్పూటం పాజిటివ్" అన్నాడు. ఎడమ ఊపిరితిత్తిలో గుంట పడింది, కఫంలో టీబీ క్రిములు ఉన్నాయి అని. చెప్పింది అన్నకూ వదినకూ. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"బోర్లా పడుకోని రాసి రాసి వచ్చిందా సార్?" అని అడిగాడు అన్న.

డాక్టరు చీటీ రాస్తూ తలెత్తకుండానే, "రాతలూ గీతలూ అన్నీ కట్టిపెట్టాలి. కంప్లీట్ బెడ్ రెస్ట్" అన్నాడు. అన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పదకొండేళ్ల వాదన గెలిచినవాడి చూపు అది.

తర్వాత డాక్టరు వదినకు చెప్పాడు. "ఆమె వాడిన గిన్నె, గ్లాసు, గుడ్డ, ఏదైనా ఇరవై నిమిషాలు మరిగించండి. మరిగించినవి ఇంట్లో ఉంచుకోవచ్చు. మిగతావి కాల్చెయ్యండి." వదిన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ విన్నది. బడికి పోని మనిషి గదా, అన్నీ అలాగే గుర్తుపెట్టుకుంటుంది.

నన్ను చేర్చిన టీబీ వార్డు నెల్లూరు చివర సరుగుడు తోట పక్కన ఉండేది. ఆడవాళ్లకు పన్నెండు మంచాలు. పొద్దున స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, తర్వాత ఐ.ఎన్.హెచ్., ఆపైన రోజుకు ఇరవై పి.ఎ.ఎస్. మాత్రలు. ఇంజక్షన్‌కు చెవుల్లో రొద, లేచి నిలబడితే నేల పక్కకు ఒరిగేది. పి.ఎ.ఎస్.కు కడుపులో తిప్పేది, అన్నం వాసన తగిలినా వాంతి వచ్చేది. మొదటి రోజే సిస్టర్ నా సంచి వెతికి పెన్సిలు తీసుకుంది. "రాయడం కూడా పనే. డాక్టర్ ఆర్డర్" అంది. ఇంటికి కార్డు రాసుకుంటానన్నా ఇవ్వలేదు.

రెండో నెలలో అన్న వచ్చాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ బయటే నిలబడ్డాడు. పంట సంగతి, ఎద్దు సంగతి చెప్పాడు. పోబోతూ నవ్వాడు.

"మీ వదిన ఏం చేసినాదో తెలుసా? నీ పుస్తకాలన్నీ వడ్లుడకబెట్టే బానలో వేసి అరగంట ఉడకబెట్టినాది. నీళ్లు నీలంగా తిరిగిపోయినాయి. వీధిలో వాళ్లంతా వచ్చి చూసినారు."

అతనికి అది తమాషా. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే మా పెద్ద బాన నాకు తెలుసు. అందులో నా పదకొండేళ్ల రాతా తేలుతూ ఉంటే ఊరు చుట్టూ నిలబడి చూసింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. వదినను నేను అసహ్యించుకున్నంతగా ఎవరినీ అసహ్యించుకోలేదు.

ఆ రోజు నుంచి పి.ఎ.ఎస్. మింగడం మానేశాను. నాలుక కింద దాచి, సిస్టర్ అటు తిరగగానే కఫం కప్పులో ఊసేదాన్ని. బతికి చేసేదేముంది అనుకున్నాను. ఇంత తెలివితక్కువ పని నా జన్మలో మరొకటి చెయ్యలేదు.

ఆరు వారాలకు జ్వరం మళ్లీ నూట రెండు. ఒక ఉదయం అరకప్పు నెత్తురు పడింది. స్పూటం రిపోర్టు పట్టుకుని డాక్టరు నా మంచం దగ్గర నిలబడ్డాడు. "క్రిమి మందుకు లొంగకుండా రెసిస్టెన్స్ అయినా వచ్చి ఉండాలి, నువ్వు మందు మింగకపోయినా ఉండాలి. ఏది?"

జవాబు పక్క మంచం మీది పోలమ్మ చెప్పింది. సముద్రం ఒడ్డున మైపాడులో చేపలమ్మే మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది, నోరంటే నోరే. "మింగడంల్యా సార్. కప్పులో ఊస్తా ఉండాది. నేను రోజూ చూస్తానే ఉండా."

"ఈ మంచం కోసం బయట నలుగురు కాచుకుని ఉన్నారు. చావాలనుకుంటే ఇంటికి పోయి చావు" అన్నాడు డాక్టరు. రోగితో అనాల్సిన మాట కాదది. ఈనాటికీ నా అభిప్రాయం అదే. ఆ తర్వాత ప్రతి మోతాదుకూ సిస్టర్ ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేది. పోలమ్మతో మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడనందుకు ఆమెకు ఏ లోటూ కలిగినట్టు లేదు.

మరో నెలకు ఆయా సెలవు పెట్టి పోయింది. రెండు వార్డులకూ సిస్టర్ ఒక్కతే. విసుగ్గా వచ్చి రిజిస్టరు నా ఒళ్లో పడేసింది. "చదువుకున్నదానివి గదా, సాయంత్రం టెంపరేచర్లు రాయి. పెన్సిల్ మళ్లీ నాకివ్వాలి." రిజిస్టరులో చిరిగిన పాత చార్టు కాగితాలు కొన్ని ఉన్నాయి. వెనకవైపు తెల్లగా ఉన్నాయి.

మా వార్డుకు నాలుగే థర్మామీటర్లు. నాలుగింటికి సిస్టర్ నలుగురి నోళ్లలో పెట్టిపోయేది, కాసేపాగి వచ్చి తీసి చూసి అంకె చెప్పేది, నేను రాసేదాన్ని. తర్వాత మరో నలుగురు. మొదటి రోజు ఆ ఎడంలో కాగితం వెనక పోలమ్మ మీద రాశాను. కసితీరా రాశాను. ఆమె గొంతు, చాడీలు, మైపాడు ఒడ్డున గంప పెట్టుకుని కొనేవాళ్లను తిట్టే తీరు. మర్నాడు నాలుగింటికి, ఆమె నోట్లో థర్మామీటరు ఉండగా, మంచం మీద లేచి కూర్చుని పైకి చదివాను.

నోరు తెరిస్తే థర్మామీటరు పడి పగులుతుంది. పగిలితే సిస్టర్ ప్రాణం తీస్తుంది. పోలమ్మ కళ్లు మాత్రం నన్ను నమిలేశాయి. నా పదకొండేళ్ల రాతలో నోరెత్తకుండా చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమె. ఆ మాటకొస్తే మిగిలిన ముగ్గురూ అంతే.

థర్మామీటరు తీయగానే అందుకుంది. "నన్ను తిట్టినావు, తిట్టుకో. నా నోరు అట్టాంటిదే. ఆ సముద్రం ఏందిమే? అలలు మెల్లగా ఒడ్డును తాకినాయంట! మెల్లగా తాకేది మీ పొలం కాలవ. అల వస్తే కాలి కింద ఇసక గుంజుకోని పోతాది, నిలబడినదానివి నిలబడినట్టే కిందికి దిగిపోతావు. ఏనాడన్నా నిలబడినావా? రేపు సరిగ్గా రాసుకరా."

మూడేళ్లు బడిపిల్లలకు సముద్రం పాఠం చెప్పినదాన్ని. ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే మర్నాటికి మళ్లీ రాశాను. "ఇప్పుడు కొంచెం ఉప్పు తగిలింది" అంది. ఆ రాత్రి సంతోషంతో అన్నం మొత్తం తిన్నాను. కక్కుకోలేదు.

అలా అలవాటైపోయింది. నాలుగింటికి మొదలు, అయిదింటికి పెన్సిలు అప్పగించాలి. రోజుకో కాగితం. సిస్టర్‌కు తెలిసిపోయింది. "ఒక్క కాగితమే. రెండోది రాస్తే డాక్టర్‌తో చెప్తా" అని బెదిరించి ఊరుకుంది. వెంకటాచలం ఊరి నుంచి వచ్చిన ముసలామె ఒకతె తన కాపురం కథ చెప్పి రాయమనేది, రాసి చదివితే అది తన కథే కాదని పోట్లాడేది. బాగుందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. కానీ ఒక రోజు జ్వరం ఎక్కువై నేను రాయకపోతే పన్నెండు మంచాలూ నన్ను తిట్టాయి. నాకు దొరికిన ప్రోత్సాహం అదే, అది చాలింది.

నా స్పూటం నెగటివ్ వచ్చేసరికి మరో అయిదు నెలలు పట్టింది. పోలమ్మది నాకంటే ముందే వచ్చింది. బుగ్గలు పూడాయి, జ్వరం లేదు. ఇంకో ఏడాది ఇంటి దగ్గర మాత్రలు మింగాలని డాక్టరు చెప్పి పొట్లం ఇచ్చాడు. ఆమెను తీసుకుపోవడానికి మొగుడు వచ్చి నిలబడ్డాడు, వలలు దింపే రోజులు.

"మింగుతావా?" అని అడిగాను.

"జరం పోయింది గదమ్మే. ఆ మాత్రలు మింగితే గంప ఎత్తలేను, కడుపులో దేవుతాది."

"నేను ఊసినప్పుడు నువ్వు చెప్పినావు. నీ సంగతి ఎవురు చెప్తారు?"

నవ్వింది. "నువ్వు రాయి. తిట్టి రాయి" అని సంచి తీసుకుని పోయింది.

మరో నెలకు నేనూ ఇంటికి వచ్చాను. అన్న నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. పెరట్లో వడ్లకొట్టు ఖాళీ చేయించి మంచం వేయించాడు, కంచం వేరు, చెంబు వేరు. వదినతో జన్మలో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఒక పాత చీర మూట తెచ్చి నా మంచం మీద పెట్టింది.

విప్పితే నా అయిదు పుస్తకాలు. ఒక్కొక్క పేజీ విడదీసి ఎండబెట్టి, సాపు చేసి, దారంతో కట్టి ఉన్నాయి. నాలుగింటిలో వెలిసిన నీలం తప్ప ఏమీ లేదు. అయిదోది నేను సిరా కొనలేని రోజుల్లో పెన్సిలుతో రాసింది. అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒట్టు మరిచిపోయి అరిచాను. "ఎందుకు ఉడకబెట్టినావు వదినా? నీకేం అపకారం చేసినాయి అవి?"

"మీ అన్న కిరసనాయిలు డబ్బా తెచ్చినాడు. డాక్టరు ఏం చెప్పినాడు? ఉడకబెట్టినవి ఇంట్లో పెట్టుకోవచ్చుననే గదా? ఇంక కాల్చేదానికి ల్యాదని చెప్పి బానలో వేసినా. రంగు పోతాదని నాకేం తెలుసమ్మే? అవి ఆరేదానికి ఎనిమిది రోజులు పట్టినాది, కాకులు ఎత్తుకపోకుండా కాపలా కూర్చున్నా."

నేను ఏడ్చాను. ఆమె మీద కోపం పోలేదు. నాలుగు పుస్తకాలు పోయాయి, అవి ఇక రావు. కానీ ఆ ఇంట్లో నా రాత ఉండాలని కోరిన మనిషి ఒకరున్నారని అంతవరకు నాకు తెలియదు.

ఏడేళ్లయింది. వడ్లకొట్టు నాదే. వెలివేసి ఇచ్చిన గదికి అన్న ఈనాటికీ రాడు, అందుకే అక్కడ రాత సాగుతోంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మూడుసార్లు చూపించాక, రెండేళ్లకు బడి నన్ను తిరిగి తీసుకుంది. బడి వదలగానే పెన్సిలుతో ఒక కాగితం రాస్తాను. వదిన చేటలో బియ్యం ఏరుకుంటూ గడప దగ్గర కూర్చుని వింటుంది, అబద్ధం తగిలితే చేట ఆపుతుంది. ఇదంతా కూడా నిన్న చదివాను. బాన దగ్గర ఆపింది. "అరగంట కాదు, ఇరవై నిమిషాలే. డాక్టరు చెప్పినంతే" అంది. అన్న చెప్పిన మాట అన్నదిగానే ఉంచాను. నిజం వదినది.

పోలమ్మకు నా కొత్త కాగితాలు చదివి వినిపించాలని, ఇంటికి వచ్చిన ఏడాదికి, చెకప్ రోజున మైపాడు పోదామనుకున్నాను. ఆసుపత్రిలోనే సిస్టర్ చెప్పింది, వానాకాలంలో మళ్లీ నెత్తురు పడి పోలమ్మ చనిపోయిందని. పొట్లం విప్పనేలేదట. ఆ మనిషి మీద నాకు ఉన్న కోపం ఎవరి మీదా లేదు. సముద్రం గురించి రాసిన ప్రతిసారీ తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేక పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను.

ఈ జబ్బు మీకో మీవాళ్లకో ఉంటే ఒక్క మాట వినండి. జ్వరం పోయిందనీ ఒళ్లు వచ్చిందనీ మాత్రలు ఆపకండి. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. మీరు మింగారో లేదో చూసి, మీ మీద చాడీ చెప్పే మనిషిని ఒకరిని ఇంట్లో పెట్టుకోండి. నాకు పోలమ్మ ఉండేది. పోలమ్మకు ఎవరూ లేరు.