తల ఊపితే ఒప్పుకున్నట్టేనా

భాష పేరిట రాష్ట్రం తెచ్చుకున్న కొత్తల్లో, జమ్మలమడుగు చేనేత సంఘం ఒక ముసలి నేతగాణ్ణి సభ్యత్వం నుంచి తీసేయడానికి సమావేశం పెట్టింది. సభ్యత్వం పోతే నూలు రాదు. నూలు రాకపోతే మగ్గం నిలిచిపోతుంది. ఆ మగ్గం తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

అతని తరఫున మాట్లాడమని నన్ను పిలిపించింది తోటి నేతగాళ్లే. ప్రొద్దుటూరు వాదసభల్లో నోరున్నవాడినని నాకు పేరు.

కోస్తా నుంచి వచ్చిన సహకార శాఖ అధికారి నేరాన్ని ఇంగ్లీషులో గడగడా చదివి, "సంజాయిషీ ఏమైనా ఉందా?" అన్నాడు.

"ఏంది సారూ చదివింది? తిట్టినావో దీవించినావో తెలీలేదు" అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు. అధికారి నవ్వలేదు.

నేను లేచాను. "తెలుగు కోసం రాష్ట్రం తెచ్చుకున్నాం. తెలుగువాడి మీద నేరాన్ని తెలుగులో చెప్పలేరా?"

అధికారీ పత్రికలు చదివేవాడే. "ఐర్లండు సంగతి తెలుసా? వాళ్ల రాజ్యాంగంలో వాళ్ల భాషదే మొదటి స్థానం. మొన్న ప్రపంచ దేశాల సభలో చేరారు. అక్కడి అధికార భాషల్లో దానికి చోటే లేదు. ఇంగ్లీషుతో సర్దుకుంటున్నారు. దేశాలే సర్దుకుంటుంటే మీ సంఘమెంత?"

నాకు ఒళ్లు మండింది. "వాళ్ల ప్రతినిధికి ఇంగ్లీషు వచ్చు, సర్దుకున్నాడు. అవమానమే, కాని అతని కూడు పోదు. ఈయన కూడు పోతుంది. ఐర్లండు వల్ల తేలింది ఒకటే: బలమున్న దేశాల భాషలకే అక్కడ కుర్చీలు వేశారని. అది న్యాయమని తేలలేదు."

నేను వదల్లేదు. మా వాదసభల ఆచారం చెప్పాను: ఎవరి మీద వాదిస్తామో అతనికి మన మాట అర్థమైందని అతనే తల ఊపాలి. అందాకా వాదన మొదలైనట్టు కాదు.

"సరే" అని అధికారి ముసలాయన వైపు తిరిగాడు. "సంఘం నీకిచ్చిన నూలు ప్రొద్దుటూరులో అద్దకందారు ఇంట్లో దొరికింది. నువ్వు అమ్మావు. అర్థమైందా?"

ముసలాయన తల ఊపాడు.

"ఒప్పుకున్నాడు!" అధికారి కలం తీశాడు.

ఆ తల ఊపించింది నేనే.

"ఆగప్పా, సారూ!" వెనక నుంచి ఎవరో అరిచారు. "నీ మాట చెవినబడిందని ఊపినాడు. తప్పు ఒప్పుకోలా!"

"నూలు ఆడుండేది నిజమే" అన్నాడు ముసలాయన. "రంగు పోతాందని మళ్లా అద్దించేదానికి నేనే పంపినా. అమ్ముకుంటే మగ్గం మింద ఏం నేయాల, నా ఎంట్రుకలా?"

ఆ అద్దకందారు సాయిబు ఇంతసేపూ గుమ్మంలోనే ఉన్నాడు. అధికారి అతన్ని సాక్షిగా వెంటబెట్టుకొచ్చాడు గాని, ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు నోరు విప్పాడు. "అమ్మకమా? నూలు నా కాడ ఇంకా తడారకుండా ఏలాడతాంది సారూ. పోయి చూసుకోండి."

"తీసేయాలనే వాళ్లు చేతులెత్తండి" అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

ఒక్క చెయ్యీ లేవలేదు.

అతను ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి, కాగితం మడిచి లేచాడు. జనం కదిలారు. ముసలాయన మాత్రం చాప మీద నుంచి లేవలేదు.

"రాసిందేందో తెలుగులో చెప్పి పో సారూ. ఈ తూరి తల ఊపను. చెవులతో ఇంటా, అంతే."

అధికారి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. అతను మళ్లీ కూర్చుని, మడత విప్పాడు.