ఇసుకలో టీవీ పగిలిన రోజు

నా చిన్నప్పుడు మైపాడులో మా వీధి మొత్తానికీ ఒకటే టీవీ ఉండేది, పడవల యజమాని ఇంట్లో. సాయంత్రమైతే అందరం ఆయన వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. సముద్రపు ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, టీవీ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒక వానాకాలంలో ముందు బొమ్మ పోయింది, తర్వాత మాట పోయింది. నెల్లూరు తీసుకెళ్తే బాగుచేసేవాడు పెదవి విరిచాడట. తిరిగి తెచ్చి, ఒడ్డున పడవలు నిలిపే చోట ఇసుకలో పడేశారు. పాడైన వస్తువు కళ్ల ముందు లేకపోతే చాలనుకునే రోజులవి.

పిల్లలం మాత్రం దాన్ని వదల్లేదు. వెనక డొప్ప ఊడదీస్తే లోపల రంగురంగుల తీగలు, రాగి చుట్టలు కనబడ్డాయి. ఆ మధ్యాహ్నం ఒడ్డున పెద్దవాళ్లెవరూ లేరు. మా చెల్లెలు పెట్టె వెనక గొంతుక్కూర్చుని, పుల్లతో తీగ లాగుతోంది. లోపలి పిక్చర్ ట్యూబు గాజు బుడ్డి అడ్డమొస్తోందని దాన్ని పగలగొట్టడానికి మా పెద్దమ్మ కొడుకు లంగరు రాయిని రెండు చేతులా ఎత్తాడు. చెల్లెలు లేచాక వేస్తానని వాడు, తీగ తెగాకే లేస్తానని అది.

అప్పుడే మా మేనత్త ఎండు చేపల గంప దించి, మావైపు రావడం చూశాను. అంతకుముందు ఆమె నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. మామయ్య చనిపోయాక మా ఇంటికొచ్చి ఉంటోంది. చాలా తక్కువ మాట్లాడే మనిషి. మమ్మల్ని చూడగానే ఆమె ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. అయినా పరిగెత్తలేదు, అరవలేదు. మెల్లగా అడుగులేస్తూ, గొంతు తగ్గించి అంది.

“ఆ డబ్బాలో పాముండాది. ఎవురూ కదలబాకండి.”

మేం బిగుసుకుపోయాం. చెల్లెలి చేతిలోని పుల్ల గాలిలోనే ఆగిపోయింది. అత్త వెనకనుంచి వచ్చి, దాని చంకల్లో చేతులు వేసి ఎత్తుకుని, పెట్టెకు వీపు పెట్టి తిరిగింది. ఇంకొంచెం దూరం పోయుంటే ఏమీ జరిగేది కాదు. కానీ పాము అనే మాట విన్నాక మా పెద్దమ్మ కొడుకు ఏం చేస్తాడు? దాన్ని చంపేద్దామని రాయి విసిరాడు.

అంత చప్పుడు నేను ఉరుముల్లో తప్ప వినలేదు. ఇసుక ఎగిరి కళ్లలో పడింది. కళ్లు నులుముకుని చూస్తే అత్త మోకాళ్ల మీద ఉంది. చెల్లెలు ఆమె కింద నుంచి ఏడుస్తోంది. అత్త చీర వీపున రెండు చోట్ల చిరిగి, ఎర్రగా తడుస్తోంది. పక్కనున్న పడవ చెక్కలో గాజుముక్క దిగబడి ఉంది, సరిగ్గా చెల్లెలి తల ఎత్తులో.

మా నాన్న వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఇంటికి తీసుకెళ్లి అత్త వీపులోంచి గాజుముక్కలు తీసి, పసుపు అద్దుతుంటే పళ్ల బిగువున ఓర్చుకుంది. మా పెద్దమ్మ కొడుకు గోడవారన నిలబడి ఉంటే వాణ్ణి దగ్గరికి పిలిచింది.

“నీది తప్పు కాదు అబ్బయ్యా. పామని చెప్పింది నేను గదా. ఆ గాజు బుడ్డి పేలి రెండు కళ్లూ పోయిన ఒకాయన్ని ఆసుపత్రిలో చూసినా. దాన్ని ఈడ పడేసిన రోజే ఈ మాట మీకు చెప్పుండాల్సింది. అప్పుడు నిజం చెప్పలేదు కాబట్టే ఇయ్యాల అదంతా చెప్పే తీరిక లేక అబద్ధం చెప్పాల్సొచ్చింది.”

మర్నాడు ఊరంతా కలిసి ఆ ఇసుకను జల్లెడ పట్టింది. అయినా చాన్నాళ్లు ఒడ్డున ఎవరో ఒకరి కాలు తెగుతూనే ఉండేది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. పాత టీవీలు, ఫోన్లు, చార్జర్లు తీసుకుని, విడదీసి తిరిగి వాడుకునే చోటికి పంపే బండి ఇన్నాళ్లూ నెల్లూరు టౌనులోనే తిరిగేది. ఈ ఏడు దాన్ని కోవూరు, తోటపల్లి గూడూరుతో పాటు మా ఒడ్డు ఊళ్లకూ పంపుతామన్నారు. మా మత్స్యకారుల సంఘం మీటింగుకు వచ్చిన ఆఫీసరు గారు సెంటరులో బోర్డు పెడితే చాలన్నారు. నేను లేచాను.

“బోర్డు చూసి ఎవురొస్తారు సార్? రాగి కోసం తీగలు కాల్చే పిల్లకాయలు మా వీధిలో ఇప్పుడూ ఉండారు. ఉబ్బిన ఫోను బ్యాటరీలు బొమ్మలమాదిరి నొక్కతా ఉంటారు. బండి రాకముందే మా సంఘమోళ్లం ఇంటింటికీ పోయి చెప్తాం. బండి పడవలకాడికీ రావాల.”

ఆయన సరేనన్నారు. బండి వచ్చే ముందు రోజున గడప గడపకూ తిరుగుతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు తలుపు వేసేస్తారు. అయినా నిలబడి, ఏ వస్తువు ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పే కదులుతాను. చెప్పడానికి తీరిక ఉన్నప్పుడే నిజం చెప్పేయాలని ఆ రోజు మా మేనత్త వీపు చూసి నేర్చుకున్నాను.