గాలి లేకుండా తిరిగిన క్రేను

దెయ్యాల కథలు చెప్పేవాడు కనిపిస్తే ఈ వయసులోనూ గొడవ పెట్టుకుంటాను. చూశానన్నవాడు తీసుకెళ్లి చూపించాలి కదా! ఇంతవరకు ఒక్కడూ చూపించలేదు. నేను నమ్మేది బరువును, నేలను. అందుకే ఇది రాయాలంటే నా మీద నాకే కోపంగా ఉంది.

శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో భిలాయి వచ్చాను. కాలేజీ గడప తొక్కలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, టవర్ క్రేన్లకు పునాదులూ తాత్కాలిక ఆధారాలూ లెక్క కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. డిగ్రీ లేదని ముఖం చిట్లించినవాళ్లందరూ నాకు గుర్తే.

మొన్నటి ఎండాకాలం ఈ ఊరి రిసాలిలో అపార్ట్‌మెంట్ల పనికి క్రేను నిలబెట్టాం. ఒకప్పుడు క్వార్టర్లుండి, తర్వాత ఉక్కు ప్లాంటు కొలుముల్లో మిగిలే చిట్టెం, అదే స్లాగు, పోసి చదును చేసిన నేల అది. గట్టిపడిన స్లాగు రాయితో సమానమని ఈ ఊళ్లో అందరి నమ్మకం, నాదీ అదే. అయినా గోతులు తీయించి చూశాం. అన్నిట్లోనూ గట్టి స్లాగే. నేను చేత్తో కట్టిన లెక్కా, సైటు ఇంజినీరు సుమతి కంప్యూటర్లో కట్టిన లెక్కా కలిశాయి. సుమతి ఇక్కడే సెక్టర్ టూలో పుట్టిన పిల్ల. తెలుగు కంటే హిందీ బాగా వస్తుంది.

క్రేను నడిపేది నా చెల్లెలి కొడుకు సూరిబాబు. దిగడానికి బద్ధకించి, మధ్యాహ్నం పైన కేబిన్‌లోనే అన్నం తినేవాడు. పని ఆపినప్పుడు కొక్కెం ఖాళీ చేసి, బ్రేకు వదిలేయడం పద్ధతి. అప్పుడు గాలి ఎటు తోస్తే క్రేను అటు తిరుగుతుంది. బిగించి ఉంచితే పెద్ద గాలికి కూలిపోతుంది.

ఆ మధ్యాహ్నం గాలే లేదు. దూరంగా ప్లాంటు చిమ్నీల పొగ నిలువుగా లేస్తోంది. సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్ పట్టా అంచు కూడా కదలడం లేదు. నేనూ సుమతీ షెడ్డు నీడలో టీ తాగుతున్నాం.

క్రేను తిరగడం మొదలుపెట్టింది.

పైనుంచి సూరిబాబు కేక వేశాడు. "ఏటి మావా, కింద ఎవులైనా తిప్పుతున్నారేటి?"

"నీ మొహం! దాన్ని తిప్పడానికి నానేటి హనుమంతుణ్ణా? నువ్వేటైనా ముట్టుకున్నావేటి?"

"చేతిలో అన్నం ముద్దుంది మావా!"

సుమతి గ్లాసు కింద పెట్టేసింది. "తాతా, హవా తో బిల్కుల్ నహీ హై!" అంది, గాలి బొత్తిగా లేదని.

తొందర లేకుండా, చప్పుడు లేకుండా అది సగం చుట్టు తిరిగి ఆగింది. వెనక కట్టిన కాంక్రీటు బరువులు అప్పటిదాకా షెడ్డు వైపు మూల మీద ఉన్నాయి. ఇప్పుడు సరిగ్గా ఎదురు మూలకు పోయాయి. కొక్కెం ఖాళీగా ఉన్నప్పుడు ఆ వెనక బరువే ఎక్కువ. అది ఏ మూల మీదుంటే, పునాది కింద ఆ మూల నేల మీదే భారమంతా.

అంతలో మా కళ్లముందే షెడ్డు వైపు నేల కుంగింది.

పరుగెత్తి వంగి చూశాను. పునాది దిమ్మ మూల కింద నేల లేదు. స్లాగు పొర విరిగి, క్వార్టర్ల నాటి పాత బావిలోకి జారిపోయింది. పూడ్చకుండా మూత పెట్టి పోయినవాడెవడో, వాడికి సిగ్గుండాలి! దిమ్మ మాత్రం కదల్లేదు.

"సూరీ, దేన్నీ ముట్టుకోకు. మెల్లగా దిగిరా!"

అతను దిగినంతసేపూ దిమ్మ మూలనే చూస్తూ నిలబడ్డాను. దిగాక చూస్తే చేతికి మెతుకులు ఎండిపోయి ఉన్నాయి.

కూలీలు క్రేనుకు ఎర్రగుడ్డ కట్టి కొబ్బరికాయ కొట్టారు. తిట్టాను. కాంట్రాక్టరు, గాలి వచ్చి ఉంటుందిలే అన్నాడు. అతన్ని ఇంకా గట్టిగా తిట్టాను. క్రేను ముందే కాస్త ఒరిగి, దానివల్ల తిరిగిందేమోనని సుమతి అడిగింది.

"ఒరిగితే బరువు పల్లానికి రావాలమ్మా. ఇది పల్లాన్ని వదిలి పోయింది."

ఆమె లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టడానికి కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయింది.

దిమ్మ కింద తాత్కాలిక ఆధారాలు పెట్టి, బావిని కాంక్రీటుతో నింపించాం. మళ్లీ పని మొదలైన రోజు సూరిబాబు నిచ్చెన పట్టుకుని నా వైపు చూశాడు.

"ఎక్కమంటావా మావా?"

"పునాదికి నాది పూచీ. మిగతాది నాకు తెలీదురా."

నవ్వి ఎక్కాడు. ఆ పని ముగిసేదాకా, అతను బ్రేకు వదిలిన ప్రతి మధ్యాహ్నం నేను హెల్మెట్ తీసి, తలెత్తి నిలబడేవాణ్ణి. అది మళ్లీ ఎప్పుడూ గాలి లేకుండా కదల్లేదు.