ముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

మా చర్చి సంఘంలో ఎవరికైనా ఉద్యోగం వచ్చినా, ఇల్లు పూర్తయినా, ఆపరేషన్ అయ్యి క్షేమంగా తిరిగొచ్చినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాస్టర్ గారు వస్తారు, పాటలు పాడతారు, బైబిల్ వాక్యం చెబుతారు, తర్వాత అందరికీ చికెన్ పలావు. పని అయ్యాక పెట్టేది కాబట్టే దానికా పేరు. మా అమ్మ మాత్రం నా జపనీస్ పరీక్షకి ముందే పెట్టేసింది.

పాస్టర్ గారు నచ్చజెప్పి చూశారు. ఇప్పటికి ప్రార్థన కూడిక పెట్టుకుందాం, పాసయ్యాక కృతజ్ఞత సంగతి చూద్దామన్నారు. అమ్మ వింటేగా. దేవుడు ఇస్తాడని నమ్మినప్పుడు థాంక్స్ ముందు చెబితే తప్పేమిటని ఆయన్నే ఎదురడిగింది. ఉయ్యూరులో మా వీధి వీధంతా వచ్చి, తిని, నన్ను దీవించి వెళ్ళింది. ఒక ఆంటీ అయితే జపాన్‌లో చలి ఎక్కువట, స్వెట్టర్ ఇక్కడే కొనుక్కోమని మరీ మరీ చెప్పింది. నేను నవ్వుతూ తలూపుతున్నాను గానీ లోపల గుండెల్లో రాయి పడింది.

నేను విజయవాడలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో నర్సుని. జపాన్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగాలున్నాయని, ముందు భాష పరీక్ష గట్టెక్కాలని తెలిసి, ముప్పై దాటాక గవర్నర్‌పేటలో క్లాసులో చేరాను. మిగతావాళ్ళంతా నాకన్నా చిన్నవాళ్ళు. జపాన్ కార్టూన్లు చూసి సగం భాష ముందే వంటబట్టించుకున్న బాపతు. మేడం ప్రశ్న అడగడం పూర్తి కాకుండానే జవాబు చెప్పేసేవాళ్ళు. నేను ఆ ప్రశ్నని తెలుగులోకి తెచ్చుకుని, జవాబు వెతుక్కుని, దాన్ని జపనీస్‌లోకి మార్చుకునేసరికి పాఠం పేజీ తిరిగిపోయేది.

చదవడం ఎలాగోలా నెట్టుకొచ్చాను. వినడం దగ్గరే నా పని అయిపోయేది. ఉయ్యూరులో బస్సెక్కగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. ఆ ఆడియోల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు రైల్లో గొడుగు మర్చిపోతారు. అది ఏ రంగు గొడుగో, ఏ పెట్టెలో వదిలేశారో కంకిపాడు దాటినా నాకు తేలేది కాదు. ఈలోపు వాళ్ళు దాన్ని వెతికి పట్టుకుని ఇంటికి కూడా వెళ్ళిపోయేవారు. నా మీద నాకే ఒళ్ళు మండేది. ఇన్ని మందుల పేర్లు గుర్తుపెట్టుకున్న బుర్రకి ఒక్క గొడుగు దగ్గర ఏం రోగమొచ్చిందో అర్థమయ్యేది కాదు.

అలాగని అన్నీ అలాంటి రోజులే కాదు. ఒకసారి వార్డులో ఒక పెద్దాయన్ని పక్కకి తిప్పుతుంటే, ‘కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి’ అనే మాట దానంతటదే జపనీస్‌లో నా మనసులోకి వచ్చింది. నేను వెతుక్కోలేదు. ఆ రోజంతా గాల్లో తేలాను.

పరీక్ష హైదరాబాద్‌లో. కంప్యూటర్ మీద రాయడం, ఫలితం అక్కడికక్కడే రావడం. తప్పాను. ఫోన్ చేసి చెబితే అమ్మ అన్నం తిన్నావా అని అడిగింది. ఇంటికి వచ్చేసరికి వీధికంతా తెలిసిపోయింది. ఎవరైనా ఒక మాట అనుంటే తిరిగి ఒకటి అనేదాన్ని. స్వెట్టర్ ఆంటీ నన్ను చూసి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక క్లాసుకి రానని మేడంకి మెసేజ్ పెట్టాను. ఆవిడది మంగళగిరి, జపాన్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చారు. సరే అనలేదు, వద్దనీ అనలేదు. సోమవారం నుంచి క్లాసు టైము మారిందని మాత్రం జవాబు పెట్టారు. అమ్మకీ చెప్పేశాను, నాకు రాదు, వదిలేస్తున్నానని. అమ్మ బెండకాయలు తరుగుతూ విన్నది. తరగడం ఆపలేదు.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఎవరైనా లేచి తమకి జరిగిన మేలు నలుగురి ముందు చెప్పుకునే సమయం అది. అమ్మ లేచింది. కొంగు పట్టి లాగుదామనుకునేలోపే ముందుకి వెళ్ళి మైకు అందుకుంది.

"కూడిక ముందే పెట్టింది నేనండీ. మా అమ్మాయి వద్దనే అంది. పరీక్ష తప్పింది. పలావు మీరందరూ తినేశారు, ఇప్పుడు దానికేం చెయ్యలేం."

చర్చి అంతా నవ్వింది. పాస్టర్ గారూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"నేను కూడా పదో తరగతి తప్పానండీ, లెక్కల్లో. మళ్ళీ రాస్తానంటే మా ఇంట్లో నీకు రాదులే, వదిలెయ్ అన్నారు. నేనూ నమ్మేశాను. నాకు నిజంగా రాదో, మళ్ళీ రాస్తే వచ్చేదో ఇప్పటికీ తెలీదు. నా కూతురికైనా తెలియాలండీ. దాని కోసం ప్రార్థన చెయ్యండి."

అమ్మ పది తప్పిందని నాకు అప్పటిదాకా తెలియదు. చదువు మీద ఇష్టం లేక మానేసిందనుకునేదాన్ని. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుని, ఏమీ జరగనట్టు పాటల పుస్తకం తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ వాళ్ళ నాన్న మీద, ఎప్పుడో పోయిన మా తాతగారి మీద ఆ క్షణాన పట్టరాని కోపం వచ్చింది.

సోమవారం మారిన టైముకి క్లాసుకి వెళ్ళాను. మేడం నన్ను చూసి మొదటి ప్రశ్న నన్నే అడిగారు, నేను తప్పే చెప్పాను. ఆ తర్వాత నాకు నా మీద నమ్మకం కుదిరిందని చెబితే అబద్ధం. రాదేమోనన్న భయం రోజూ నాతోపాటే బస్సెక్కేది. దాన్ని దింపడం నా వల్ల కాలేదు, అందుకని పక్కన కూర్చోబెట్టుకునే చదివాను. అర్థం కానిదాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను. క్లాసులో నాకన్నా చిన్నవాళ్ళని అడగడానికి సిగ్గుపడడం మానేశాను.

మళ్ళీ పరీక్షకి వెళ్ళేటప్పుడు అమ్మ తనూ వస్తానంది. ఎందుకన్నా వినలేదు. నేను స్క్రీన్ మీద ఫలితం చూసుకుని బయటికి వచ్చేసరికి గేటు పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. పాసా, ఫెయిలా అని అడగలేదు.

"రెండోసారి రాసేశావే" అంది, నా చెయ్యి పట్టుకుని. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. పాసయ్యానన్న మాట ఇంకా నా నోట్లోనే ఉంది.