సోమ, మంగళవారాల చదువు

ఒంటరివాళ్ల పక్కన చోటు చూసుకుని మరీ కూర్చునే నా దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో ఈ సంగతి నాకు తెలియదు. ఆయన పాకాలలో మా సంఘంలోనే ఉంటాడని, నేనే వెళ్లి కలవాలని అనుకునేదాన్ని.

పాకాలలో నాలుగేళ్లు పాఠాలు చెప్పి, బడివాళ్లు సెలవిస్తే, విద్యా పరిపాలనలో పీజీ చేయడానికి తిరుపతిలో చేరాను. అద్దె గదిలో ఒక మంచం, ఒక కుర్చీ (రెండోది ఉన్నా కూర్చునేవాళ్లు లేరు). రోజంతా నాతో మాట్లాడేది బస్సు కండక్టరొక్కడే, అదీ "లోపలికి జరుగుమా" అని. మొదటి వారమే చేతికొక ఫారం ఇచ్చారు. ఏ సెమిస్టర్లో ఏ పేపర్లు చదువుతామో మనమే రాసి, శనివారం నాలుగింటిలోగా గైడు మేడంతో సంతకం చేయించుకోవాలి, లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివారికి. మిగతావాళ్లు క్యాంటీన్లో గుంపులుగా కూర్చుని నింపుకున్నారు. నేను గదిలో ఒక పక్క టైంటేబుల్, ఒక పక్క బైబిలు పెట్టుకుని నింపాను. బుధవారం స్త్రీల కూడిక, గురువారం ఇంటి ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల సాధన (నేను లేకపోతే పై స్వరం అందుకునే గొంతు లేదని నా గట్టి నమ్మకం). అన్నీ పాకాలలోనే. మిగిలిన సోమ, మంగళవారాల్లో ఏ పేపర్లు ఉంటే అవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, స్తోత్రం చెప్పి, శనివారం ఉదయం పట్టుకెళ్లాను.

మేడం కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏంది మా ఇది? పర్యవేక్షణ మొదటి భాగం వదిలేసి రెండోది చదువుతావా?"

"మొదటిది శుక్రవారం వస్తోంది మేడం."

"పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా క్లాసులే. అన్నం ఎప్పుడు తింటావు?"

"ఆ రెండు రోజులూ ఉపవాసం ఉంటాను మేడం. శుక్రవారం ఎలాగూ ఉంటాను."

"పట్టా తీసుకునేదానికి మనిషి మిగలాల గదా! నువ్వు చదివేది బడి నడిపేదానికా, చర్చి నడిపేదానికా? నాలుగింటికి మార్చి తీసుకురా, లేకుంటే సీటు పోతాది."

వరండాలో నిలబడి మా పాస్టరయ్యగారికి ఫోన్ చేశాను. వచ్చేయమంటారని ఆశ. ఆయన నవ్వారు.

"ఏం పాపా, దేవుడు పాకాలలోనే దిగిపోతాడా? తిరుపతి దాకా టికెట్టు తీసుకోడా?"

"పాటల్లో పై స్వరం, అయ్యగారూ..."

"మీ చిన్నమ్మ అందుకుంటాదిలే. నువ్వు ఫారం రాసుకోపో."

మేడం తిట్టినదానికన్నా చిన్నమ్మ అందుకుంటుందన్నదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కన్నీళ్లు ఫారం మీద పడకుండా తల పక్కకు పెట్టి, అన్నీ కొట్టేసి, కొత్త ఫారంలో పేపర్లు వారమంతా సర్ది మళ్లీ రాశాను. నాలుగుకు పది నిమిషాలుండగా మేడం సంతకం పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు.

"ఈ గంట ఖాళీగా ఉండాది. ఈడికే రా, ప్రార్థన చేసుకో. నేను మాట్లాడను, అన్నం తింటా ఉంటాను."

అలా రెండేళ్లు. నేను కళ్లు మూసుకునేదాన్ని, ఎదురుగా మేడం క్యారియరు తెరిచేవారు. ఆ పప్పు తాలింపు వాసనకు నాకన్నా ముందు నా కడుపు ఆమెన్ అనేది.

ఇప్పుడు నేనే హెడ్మిస్ట్రెస్‌ని. ఊరు కాని ఊళ్లో, అందరి టైంటేబుళ్లూ నేనే వేస్తాను. శుక్రవారం మధ్యాహ్నం నాకొక గంట ఖాళీ ఉంచుకుని, బల్లకు అటువైపు ఒక కుర్చీ వేసి ఉంచుతాను. చాలా వారాలు అది ఖాళీగానే ఉంటుంది. ఈ శుక్రవారం మీరెక్కడున్నా, ఎక్కడో ఒంటరిగా ఫారం నింపుకుంటున్న ఒక అమ్మాయి కోసం నాతో కలిసి ఒక్క నిమిషం కళ్లు మూయండి. పప్పు వాసన వచ్చినా తెరవకండి.