నా నెత్తి మీద రెండు ఒట్లు

నా చిన్నప్పుడు మా నాయిన ఒకే వారంలో ఇద్దరు పెద్దమనుషులకు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆయనకు ఉన్నది ఒక్కటే ఓటు. దాన్ని ఇద్దరికీ ఇస్తానన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రాష్ట్రపతి ఎన్నికలప్పుడు జనగామలో మా అబ్బాయి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. మన రాష్ట్ర ఎమ్మెల్యేలు ఎవరు ఎటు వేస్తారో, నిన్న ఆ పార్టీలో ఉన్నవాళ్లు ఈరోజు ఎటు మళ్లుతారో అని టీవీలో నలుగురు కూర్చుని గొంతులు చించుకుంటున్నారు. ఇంట్లో వాళ్లు కూడా ఆవేశపడుతున్నారు. నాకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నా మనవరాలు అది చూసి, చీటీ రహస్యంగా వేస్తారు కదా నాయినమ్మా, మరి మాట తప్పినట్టు ఎట్లా తెలుస్తుంది అని అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి, అందుకే ఇన్నేళ్లకు నోరు తెరిచాను.

మా ఊరు నెల్లికుదురు అవతల, వాగు దాటితే వస్తుంది. మా నాయిన ఊరి సర్పంచ్. అప్పట్లో మండలాలు లేవు, సమితులు ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ల సర్పంచులందరూ కలిసి సమితి ప్రెసిడెంటును ఎన్నుకునేవారు. ప్రెసిడెంటంటే మాటలా! రోడ్డు ఎటు పోవాలన్నా, బడికి పైకప్పు పడాలన్నా ఆయన తలూపాలి. ఆ ఏడు పట్నంలో పెద్ద నాయకుల మధ్య చెడింది. పార్టీ నిలువునా చీలింది. దాంతో మా సమితిలో కూడా పొద్దున ఒకరి గుమ్మంలో కనిపించిన సర్పంచ్ సాయంత్రానికి ఇంకొకరి గుమ్మంలో తేలుతున్నాడు. మా నాయిన కూడా అంతే. చెడ్డవాడు కాదు. ఎదుటి మనిషికి కాదని చెప్పడం చేతకానివాడు. ఇద్దరు కొట్లాడుకుంటుంటే ఇద్దరిదీ నిజమేనని వచ్చేసేవాడు. ఊళ్లో వెనకాల గోడ మీద పిల్లి అనేవారు, అది నేనూ విన్నాను.

ముందు వచ్చింది పాత ప్రెసిడెంటు. అంతకు రెండేళ్ల ముందు మా అమ్మకు కాన్పు కష్టమైతే ఆయన జీపులోనే వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. అమ్మ, తమ్ముడు బతికి బయటపడ్డారు. ఆ జీపు రాకపోతే మా ఇల్లు ఏమయ్యేదో. ఆయన అరుగు మీద కూర్చుని నేను తెచ్చిన చెంబులో నీళ్లు తాగి, అవతలివాళ్లు సర్పంచులందరినీ క్యాంపుకు ఎత్తుకుపోతున్నారట, నువ్వేమంటావు అని అడిగాడు. పోకపోతే అనుమానిస్తారు, జీపు వాళ్లదే ఎక్కుతాను, ఓటు మాత్రం మీకే అన్నాడు నాయిన. ఆయన నవ్వాడు గానీ నమ్మలేదు.

"గట్లయితే పిల్లల మీద ఒట్టెయ్యి" అన్నాడు.

తమ్ముడు అక్కడే అమ్మ ఒళ్లో ఉన్నాడు. నేను చెంబు పట్టుకుని గుంజ పక్కన ఉన్నాను. నాయిన ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు. చెయ్యి నా వైపే వచ్చింది. నేను దగ్గరగా నిలబడ్డాను కాబట్టే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా చెప్పాలంటే అమ్మ ఒడి కూడా అంతే దగ్గర.

రెండు రోజులు గడిచాక కొత్తగా పోటీ చేస్తున్నాయన జీపు వేసుకుని వచ్చాడు. గెలిస్తే మా వాగు మీద కల్వర్టు కట్టిస్తానన్నాడు. వానాకాలం వస్తే మా ఊరికి దారి ఉండేది కాదు, జ్వరమొచ్చినవాళ్లు ఇంట్లోనే మూలిగేవారు. ఆ కల్వర్టు కోసం నాయిన తిరగని ఆఫీసు లేదు. కానీ ఆ వచ్చినాయనకు కూడా కాన్పు జీపు సంగతి తెలుసు. ఆ మొహమాటం నీకుంటుంది, నేను నీ మాట మీద ఉండలేను, పిల్ల మీద ఒట్టు వేస్తేనే జీపెక్కించుకుంటాను అన్నాడు. మళ్లీ నేనే నీళ్లు తెచ్చాను, మళ్లీ ఆ చెయ్యే. ఈసారి నాయిన నా ముఖం చూడలేదు. ఒట్టు వేసి, బట్టల సంచి తీసుకుని జీపెక్కాడు. సర్పంచులందరినీ మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం తీసుకుపోయారు. గోదావరి స్నానం, దర్శనం, సత్రంలో భోజనాలు. సోమవారం పొద్దున నేరుగా ఓటింగుకు తీసుకొస్తారట.

ఇప్పటి పిల్లలకు ఒట్టంటే నవ్వులాట. మాకు అట్లా కాదు. తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఉండదు. అంతకు ముందు ఏడు మా వీధి చివర ఒక పిల్లవాడు రెండు రోజుల జ్వరంతో పోయాడు. పొలం తగాదాలో వాళ్ల మేనమామ ఆ పిల్లవాడి మీద అబద్ధపు ఒట్టు వేశాడని, అందుకే అట్లా జరిగిందని ఆడవాళ్లు బావి దగ్గర చెప్పుకున్నారు. నేను లెక్కల్లో మందమతినే. కానీ ఒక ఓటు, ఇద్దరు మనుషులు అనే లెక్క నాకు వెంటనే తేలిపోయింది. నాయిన ఎవరికి వేసినా రెండో ఒట్టు తప్పుతుంది. సోమవారం నేను చచ్చిపోతాను.

భయం వేసిందా అంటే లేదు. భయమైతే ఏడుపొచ్చేది, అమ్మకు చెప్పేదాన్ని. చలికాలం పొద్దున్నే చన్నీళ్లలో గిన్నెలు తోముతుంటే కాసేపటికి వేళ్లు మనవి కానట్టు అయిపోతాయి చూడండి, ఒళ్లంతా అట్లా అయింది. బడికి పోయాను, వచ్చాను. నా పలక తమ్ముడి పక్కన పెట్టాను. స్నేహితురాలి దగ్గర తీసుకున్న రిబ్బను తిరిగి ఇచ్చేశాను. అన్నం కలుపుకుని కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. చచ్చిపోయేదానికి అన్నం ఎందుకు దండగ అని కూడా అనిపించింది. ఎంత పిచ్చి!

ఆదివారం మా నాయినమ్మ పసిగట్టింది. అమ్మకు ఇంటి పనితోనే సరిపోయేది, నా కంచం చూసేది నాయినమ్మే. పెరట్లో చిక్కుడు పందిరి కిందికి తీసుకుపోయి, మూడు రోజుల నుంచి ఎందుకు తినడం లేదని అడిగింది.

"రేపు సచ్చిపోత నాయినమ్మా" అన్నాను, సంతకు పోయొస్తా అన్నంత మామూలుగా.

అంతా చెప్పాను. ఆమె నవ్వుతుందేమో, పిచ్చిపిల్లా అట్లా ఏమీ కాదు అంటుందేమో అనుకున్నాను. అనలేదు. ముఖం నల్లబడింది. కొడుకును ఒక తిట్టు తిట్టి, చాలాసేపు మట్టిలోకి చూస్తూ కూర్చుంది. నేను పెద్దయ్యాక అర్థమైంది, ఆమె కూడా నాలాగే ఆ ఒట్టును నమ్మింది. నమ్మకపోతే మర్నాడు చేసిన పనికి విలువే లేదు.

మర్నాడు తలస్నానం చేసి, పెట్టెలోని ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. సమితి ఆఫీసు మూడు మైళ్లు. ఆఫీసు ముందు జనం. పాత ప్రెసిడెంటు ఒక పక్క, కొత్తాయన ఒక పక్క తమ తమ మనుషులతో నిలబడ్డారు. జీపులు వచ్చాయి. సర్పంచులు నుదుట కాళేశ్వరం గుడి బొట్లతో దిగారు. మా నాయిన మమ్మల్ని చూసి ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

నాయినమ్మ ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. ఆ చేతిని అందరి ముందూ తన తెల్లటి తల మీద పెట్టుకుంది.

"పిల్ల నెత్తి మీద పెట్టిన ఒట్లు రెండూ నా మీదికి తెచ్చుకున్న. ఇగ లోపటికి పోయి ఎవలకు ఏస్తవో ఏసుకో కొడుకా."

రెండూ అన్న మాట ఆ ఇద్దరు పెద్దమనుషులకూ వినపడింది. ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత మా నాయినను చూశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి వెనక్కి లాక్కోబోతే నాయినమ్మ వదల్లేదు. కాసేపటికి తనే వదిలి, పో అన్నట్టు తలూపింది. నాయిన లోపలికి పోయాడు.

మేము బయట గోడ నీడలో కూర్చున్నాం. ఆమె నన్ను ఒళ్లోకి లాక్కుని మూటలోంచి అటుకులు, బెల్లం తీసి పెట్టింది. నాకు ఆకలేసింది. నా చావు ఆమె మీదికి పోయిందని తెలిసి కూడా ఆకలేసింది, తిన్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఓట్లు లెక్కపెడితే ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఒక కాగితం మాత్రం చెల్లలేదు. ఆఫీసరు దాన్ని ఎత్తి అందరికీ చూపించాడట. రెండు పేర్ల ఎదురుగానూ ఇంటూ గుర్తు ఉంది. అది ఎవరి కాగితమో ఎవరూ అడగనవసరం లేకపోయింది. తర్వాత చీటీ వేసి తీస్తే కొత్తాయన పేరు వచ్చింది. మా అమ్మను బతికించిన జీపాయన ఓడిపోయాడు. ఆయన మా ముందు నుంచే జీపు దగ్గరికి పోతూ మా నాయిన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గెలిచినాయన కూడా చూడలేదు.

ఏ జీపూ మా నాయినను ఎక్కించుకోలేదు. ముగ్గురం నడిచే వచ్చాం. వాగు దగ్గర నీళ్లలో దిగేముందు ఆయన ఆగాడు.

"ఇద్దరికీ ఏసిన అవ్వా. నీ మీది ఒట్టు ఒక్కటి గూడ తప్పలే" అన్నాడు.

నాయినమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "మరి ఒక్కలకైన పనికొచ్చినవా కొడుకా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. ఆయన నన్ను ఎత్తుకుందామని వంగాడు. నేను నాయినమ్మ వెనక్కి పోయాను. ఆమె చెయ్యి పట్టుకునే వాగు దాటాను.

నాయినమ్మకు ఏమీ కాలేదు, ఇంకా చాలా ఏళ్లు గట్టిగా బతికింది. కల్వర్టు మాత్రం మా నాయిన సర్పంచ్‌గా ఉన్నన్నాళ్లూ రాలేదు. ఇక ఆ ఇద్దరు పెద్దమనుషుల సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఏడాది తిరక్కుండా ఓడినాయన గెలిచినాయన పార్టీలోనే చేరాడు. దంతాలపల్లిలో ఒక పెళ్లి విందులో ఇద్దరూ పక్కపక్క విస్తళ్లలో కూర్చుని ఒకరికొకరు కొసరి వడ్డించుకుంటుంటే నేను కళ్లారా చూశాను. మా నాయిన అదే పందిట్లో చివర బంతిలో తలదించుకుని తిన్నాడు. ఆరోజు నుంచి ఎవరు ఏ పార్టీలోకి పోయినా నాకు కోపం రాదు, సంతోషం రాదు. మా అబ్బాయి ఇప్పటికి మూడు కండువాలు మార్చాడు. ఒక్కసారి కూడా ఎందుకురా అని అడగలేదు. మొదటిసారి మార్చిన రోజు మాత్రం ఒక మాట చెప్పాను. ఎవరికి ఏ మాట ఇచ్చినా నీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఇయ్యి, పిల్లల జోలికి పోయావో ఈ గడప తొక్కనని. వాడికి అర్థం కాలేదు. నా మనవరాలికి ఇప్పుడు అర్థమైనట్టుంది, టీవీ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

మా నాయిన ఆ తర్వాత నా నెత్తి మీద ఎన్నడూ చెయ్యి పెట్టలేదు. నా పెళ్లిలో కూడా మూడడుగుల దూరం నుంచే అక్షింతలు వేశాడు. చివరి రోజుల్లో మహబూబాబాద్ దవాఖానలో మంచం పక్కన కూర్చుంటే, ఒకరోజు చెయ్యి మెల్లగా పైకి లేపాడు. నా తల దాకా తెచ్చాడు. అక్కడ ఆపి, నా కళ్లలోకి చూశాడు, పెట్టనా అని అడుగుతున్నట్టు. నేను కాస్త తల వంచితే సరిపోయేది. మనసులో వంచాలనే ఉంది, మెడ కదల్లేదు. ఆయన చెయ్యి దుప్పటి మీదికి దించేసుకున్నాడు. ఆయన చేసింది ఎప్పుడో క్షమించాను. ఆ వంచని తల మాత్రం ఇవాళ్టికీ నా మెడ మీద బరువుగానే ఉంది.